తెలుగు పేజీలో ఈ గ్యాప్‌లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

అచ్చయిన తెలుగు పుస్తకం ఏదైనా తీసుకుని, ఒక పేజీని చదవకుండా, కళ్లు కాస్త చికిలించి ఊరికే చూడండి. పేజీ మొత్తం ఒకే మోతాదు నలుపుతో కనిపిస్తే, ఆ పేజీ చేసినవాళ్లకి పని తెలుసన్నమాట. చాలాసార్లు అలా కనిపించదు. ఒక వరుసలో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. దాని కింద వరుసలో నాలుగంటే నాలుగే మాటలు దూరం దూరంగా నిలబడి ఉంటాయి. ఇంకొంచెం కిందికి వెళ్తే ఖాళీ కింద ఖాళీ పడి, పేజీ మధ్యలో తెల్లటి చార ఒకటి వంకర్లు పోతూ దిగుతుంది.

రెండు వైపులా అంచులు సమానంగా రావాలని జస్టిఫై పెట్టాం కదా, అందుకని ఇలా వస్తుంది అని చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ ఇంగ్లీషు నవలలు కూడా జస్టిఫై చేసే వేస్తారు. వాటిలో ఇంత ఘోరంగా ఉండదు. అంటే తప్పంతా జస్టిఫై బటన్‌ది కాదు.

లెక్క వేసి చూద్దాం. మన పుస్తకాలు ఎక్కువగా డెమీ 1/8 సైజులో వస్తాయి, అంటే దాదాపు ఐదున్నర అంగుళాలు బై ఎనిమిదిన్నర. మార్జిన్లు పోగా మ్యాటర్ వెడల్పు నాలుగు, నాలుగుంపావు అంగుళాలు మిగులుతుంది. అందులో మామూలు సైజు అక్షరాలతో ఇంగ్లీషు మాటలైతే పదో పదకొండో పడతాయి. తెలుగు మాటలు ఐదో ఆరో పడతాయి. విభక్తులు, సంధులు, సహాయక్రియలు అన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి మన మాట పొడుగు. ఇప్పుడు ఒక వరుస చివర 30 పాయింట్ల (పాయింటు అంటే అచ్చుపనిలో వాడే చిన్న కొలత) చోటు మిగిలిపోయిందనుకోండి. ఆ చోటుని మాటల మధ్య ఖాళీలకి పంచాలి. ఇంగ్లీషు వరుసలో పది ఖాళీలుంటే ఒక్కోదానికి 3 పాయింట్లు వస్తాయి. తెలుగు వరుసలో ఖాళీలు నాలుగే కాబట్టి ఒక్కోదానికి ఏడున్నర. మామూలుగా ఉండాల్సిన ఖాళీ ఏ మూడు పాయింట్లో అయితే, ఇంగ్లీషులో అది రెండింతలవుతుంది, తెలుగులో మూడున్నర రెట్లవుతుంది. పైగా మాట పొడుగైనకొద్దీ మిగిలిపోయే చోటు కూడా ఎక్కువే. పట్టనిది పెద్ద మాట కాబట్టి అది పోతూ పోతూ పెద్ద ఖాళీనే వదిలి వెళ్తుంది. తెలుగు పేజీకి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతోంది.

ఒక వాక్యం తీసుకుందాం: 'వాన వెలిసాక పొలానికి బయల్దేరిన రంగయ్య గట్టుమీద నిలబడిపోయాడు.' వరుసలో 'గట్టుమీద' దాకా పట్టింది. తర్వాత ఆరక్షరాల చోటు ఉంది. 'నిలబడిపోయాడు'కి ఏడక్షరాలు కావాలి. పట్టదు, మాట మొత్తం కింద వరుసకి పోయింది. ఆ ఆరక్షరాల చోటుని పైనున్న ఐదు ఖాళీలకి పంచాలి. అంటే మామూలు ఖాళీకి తోడు ఒక్కోచోట ఒక అక్షరం కన్నా ఎక్కువ వెడల్పు కలిసింది. చూడ్డానికి పళ్లూడిన నోరులా ఉంటుంది. అదే 'నిలబడి-' అని విరిచి నాలుగక్షరాలు పైనే ఉంచి 'పోయాడు' ని కిందికి పంపితే, పంచాల్సింది ఒక్క అక్షరం పాటి చోటు. పంచడానికి ఖాళీలు ఆరు. కంటికి ఆనదు.

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. తెలుగులో జస్టిఫై చక్కగా రావాలంటే వరుస చివర మాట విరగాలి. మనం విరగనివ్వడం లేదు.

ఇది ఎప్పట్నుంచో ఉన్న సంప్రదాయం అనుకుంటే పొరపాటు. తాటాకు ప్రతుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీయే ఉండదు. ఆకు అంచు వచ్చినచోట ఆపి, తర్వాతి అక్షరం కింద వరుసలో మొదలుపెట్టేవారు. లెటర్‌ప్రెస్ రోజుల పుస్తకాలు తిరగేసినా వరుస చివర మాట విరగడం మామూలే. కొన్నింటిలో విరిగినచోట చిన్న గీత కూడా కనిపించదు. చేత్తో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కి స్టిక్ (వరుస పేర్చే చిన్న చట్రం) వెడల్పు నిండాలి. లావు స్పేసులు, సన్నటి స్పేసులు చేతిలో పెట్టుకుని వరుస బిగించేవాడు, అవి చాలకపోతే మాట విరిచేవాడు. పాఠకులెవరూ ఇబ్బంది పడలేదు.

డీటీపీ వచ్చాక ఈ దారి మూసుకుపోయింది. కారణం సాంకేతికమే. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్స్‌లాంటి వాటితో టైపు చేసిన మ్యాటర్ కంప్యూటర్ లెక్క ప్రకారం తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చుని ఉంటాయి. అక్కడ హైఫనేషన్ (వరుస చివర మాటని దానంతటదే విరిచే సదుపాయం) ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంగ్లీషనుకుని అక్షరానికీ దాని వత్తుకీ మధ్యలో కూడా విరిచేయగలదు. అందుకని ఆపరేటర్లు ముందు హైఫనేషన్ ఆఫ్ చేసి తర్వాత పని మొదలుపెట్టేవారు. అప్పటికది సరైన పనే. తెలుగు అక్షరాలకి కంప్యూటర్‌లో సొంత స్థానాలిచ్చే యూనికోడ్ వచ్చి, ఆ ఇబ్బంది పోయాక కూడా అదే అలవాటు కొనసాగడమే ఇప్పటి తంటా అని నా ఉద్దేశం.

పేజ్‌మేకర్ రోజుల నుంచి వచ్చిన ఇంకో అలవాటు, వరుస నింపడానికి అక్షరాల మధ్య దూరం పెంచడం. అను ఫాంట్స్ మ్యాటర్‌లో ఇలా చేస్తే అక్షరం ఒకచోట, వత్తు ఒకచోట పడతాయి. సన్నటి కాలమ్‌లున్న పత్రికల్లో ఇలాంటి వరుసలు ఇప్పటికీ కనిపిస్తాయి. యూనికోడ్‌లో వత్తులు విడిపోకపోయినా, ఒక వరుసలో అక్షరాలు దూరదూరంగా, పక్క వరుసలో దగ్గరగా ఉంటే ఆ మాటలేవో గట్టిగా నొక్కి పలుకుతున్నట్టు ఉంటుంది. మాటల మధ్య గ్యాప్ కన్నా అది ఎక్కువ విసిగిస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ వరుసల్ని ఎలా విడగొడుతుందో కాస్త తెలిస్తే మిగతా సగం అర్థమవుతుంది. వర్డ్‌లాంటివి వరుస వెంట వరుస చూసుకుపోతాయి. ఈ వరుసలో ఎన్ని మాటలు పడితే అన్ని కుక్కి, పట్టని మాటని కిందికి తోసి, ఆ వరుస సంగతి మర్చిపోతాయి. దాని వల్ల కింద మూడో వరుసకి ఏం గతి పడుతుందో వాటికి పట్టదు. ఇంకో పద్ధతి పేరా మొత్తాన్ని ఒకేసారి చూడటం. మొదటి వరుసలో ఒక మాట తగ్గించి కొంచెం వదులు చేస్తే, నాలుగో వరుస దరిద్రంగా రాకుండా ఉంటుందా అని లెక్కేసి మరీ విడగొట్టడం. దీన్ని పద్ధతిగా కట్టింది కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్. తన పుస్తకం రెండో సంపుటానికి కొత్త కూర్పు ప్రూఫులు 1977లో చూసి, వాటి అందం నచ్చక, అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ తనే రాసుకున్నాడు. అదే టెక్ (TeX). మైకేల్ ప్లాస్‌తో కలిసి పేరాని వరుసలుగా విడగొట్టే ఆ పద్ధతి గురించి 1981లో పేపర్ ప్రచురించాడు.

ఆ లెక్కలో రెండు సంగతులు మనకి బాగా పనికొస్తాయి. ఒకటి, వరుస ఎంత సాగితే అంత తప్పు అని కాకుండా, సాగిన పాళ్లని ఘనం చేసి లెక్కవేస్తారు. రెండింతలు సాగితే తప్పు ఎనిమిదింతలు. అందుకే అది ఒక వరుసని బలిచేసే బదులు కష్టాన్ని నాలుగు వరుసలకి సర్దుతుంది. రెండోది, బిగుతు వరుస పక్కనే వదులు వరుస వస్తే దానికి విడిగా జరిమానా ఉంది. కంటికి దొరికేది ఖాళీ కొలత కాదు, పక్కపక్క వరుసల్లో తేడా. పేజీ అంతా ఒకేలా కొంచెం వదులుగా ఉంటే ఎవరూ గమనించరు.

పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కూడా పేరా మొత్తాన్ని చూసే కంపోజర్ (వరుసలు విడగొట్టే భాగం) ఉంది. తెలుగుకైతే 'అడోబ్ వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' అన్నదే ఎంచుకోవాలి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ దగ్గర కనిపిస్తుంది. పేరులో 'సింగిల్ లైన్' అని ఉన్నది వద్దు. 'వరల్డ్ రెడీ' అని లేనిది అసలు వద్దు, అందులో తెలుగు అక్షరాలే సరిగా కూడవు. దీనితోపాటే చూడాల్సింది భాష. మ్యాటర్ తెలుగులో ఉన్నా లాంగ్వేజ్ దగ్గర 'ఇంగ్లీష్' అనే ఉండిపోతుంది చాలా ఫైళ్లలో. అలా ఉంటే హైఫనేషన్ టిక్ పెట్టినా ఒక్క తెలుగు మాట విరగదు. 'ఇన్‌డిజైన్‌లో తెలుగుకి హైఫనేషన్ రాదండీ' అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఫైళ్లు తెరిస్తే కనిపించేది ఇదే. స్టైల్‌లో భాషని తెలుగుకి మార్చండి, పేజీ కళ్లముందే సర్దుకుంటుంది.

మాటని ఎక్కడ విరవాలన్నది తెలుగులో తేలికే, అక్షరం అక్షరానికీ మధ్య విరవచ్చు. అక్షరం అంటే గుణింతం, వత్తు అన్నీ కలిపి. 'అమ్మ'ని 'అ', 'మ్మ' అనే విరవాలి. రెండో ముక్క సున్నాతోనో విసర్గతోనో మొదలవకూడదు, 'కంప్యూటర్'లో చివరి 'ర్' ఒక్కటే కింద వరుసలో పడకూడదు. ఈ నియమాలతో సంతోష్ తొట్టింగల్ భారతీయ భాషలకి తయారుచేసిన హైఫనేషన్ నమూనాలు టెక్‌లో ఉన్నాయి, తెలుగుతో సహా. కాకపోతే సాఫ్ట్‌వేర్‌కి అక్షరం తెలుసు, అర్థం తెలీదు. 'నిరాహారదీక్ష'ని 'నిరా-' దగ్గర విరిస్తే కింద వరుస 'హారదీక్ష' అని మొదలవుతుంది. 'విద్యార్థి'లో 'ర్థి' ఒక్కటీ కింద పడినా బాగోదు. కనుక చివర కనీసం రెండక్షరాలు కిందికి వెళ్లేలా ఇన్‌డిజైన్ హైఫనేషన్‌లో సెట్టింగ్ పెట్టుకోవాలి. అక్కడ అడిగే అంకె గుణింతాలతో కలిపిన అక్షరాల లెక్కకి సరిపోకపోవచ్చు, ఒకటి రెండు పెంచి పేజీ చూసి నిర్ణయించుకోండి. వరసగా రెండు వరుసల కన్నా ఎక్కువ హైఫన్‌తో ముగియకుండా లిమిట్ పెట్టండి. పేరా ఆఖరి మాట విరగకుండా దాని టిక్ తీసేయండి. ఆ తర్వాత కళ్లతో చూసుకుంటూ 'నిరాహార-దీక్ష' లాంటి చోట్ల చేత్తో సర్దుకోవచ్చు.

చేత్తో సర్దడం అన్నాను కదా, తెలుగు పుస్తకాల్లో అతి పెద్ద దోషం పుట్టేది అక్కడే. వరుస చివర మాట విరవడానికి ఆపరేటర్ మామూలు హైఫన్ కొట్టేస్తాడు. ఆ రోజుకి పేజీ బాగుంటుంది. రచయిత ప్రూఫులో ఒక మాట చేరుస్తాడు, వరుసలు జరుగుతాయి, హైఫన్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. పుస్తకం అచ్చయ్యాక వరుస మధ్యలో 'మాట్లా-డుతున్న' అని కనిపిస్తుంది. రెండో ముద్రణకి సైజు మారిస్తే ఇలాంటివి పుస్తకం నిండా బయటపడతాయి. దీనికోసమే వేరే హైఫన్ ఉంది. మాట వరుస చివర పడితేనే కనిపిస్తుంది, లేకపోతే దాక్కుంటుంది. ఇన్‌డిజైన్‌లో కంట్రోల్, షిఫ్ట్, హైఫన్ కలిపి కొట్టాలి. వర్డ్‌లో కంట్రోల్, హైఫన్ చాలు. వరుస తెగడానికి మాట మధ్యలో స్పేస్ కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. అది ఇంకా అన్యాయం, ఎందుకంటే హైఫన్ అయితే వెతికి పట్టుకోవచ్చు, స్పేస్‌ని ఎక్కడని వెతుకుతాం?

ఇప్పుడు మ్యాటర్‌లోనే దాక్కుని ఉండే దొంగలు. ఒకే ఒక్క వరుస అంచులదాకా విపరీతంగా సాగి, పైనా కిందా మామూలుగా ఉంటే, ఆ వరుస చివర ఎవరో షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టారని తొంభై పాళ్లు అనుకోవచ్చు. అది కొత్త పేరా కాదు, బలవంతంగా తెంచిన వరుస. పేరా ఆఖరి వరుసకి ఉండే మినహాయింపు దానికి ఉండదు కాబట్టి అంచుదాకా సాగిపోతుంది. హిడెన్ క్యారెక్టర్స్ ఆన్ చేసి చూస్తే గుర్తు కనిపిస్తుంది. పేరా ఆఖరి వరుసలో రెండు మాటలే ఉండి, ఒకటి ఆ చివర ఒకటి ఈ చివర నిలబడితే మాత్రం వేరే సంగతి. అది అన్ని వరుసల్నీ సాగదీసే ఫోర్స్ జస్టిఫై. ఆఖరి వరుస ఎడమవైపు ఉండే జస్టిఫైకి మార్చాలి.

ఇంటర్నెట్‌లోంచి కాపీ చేసిన మ్యాటర్‌లో ఇంకో రకం ఉంటుంది. చూడ్డానికి మామూలు స్పేసే, కానీ అక్కడ వరుస తెగదు. ఇలాంటి నాన్ బ్రేకింగ్ స్పేసులు మూడు వరసగా పడితే నాలుగు మాటలు కలిసి ఒకే పెద్ద మాటగా లెక్కకొస్తాయి, అన్నీ కట్టకట్టుకుని కింద వరుసకి పోతాయి. వర్డ్‌లో గుర్తులు చూపించమంటే మామూలు స్పేస్ చుక్కలా, ఇది చిన్న సున్నాలా కనిపిస్తుంది. అన్నిటినీ వెతికి మామూలు స్పేస్‌గా మార్చేయండి. ఆ తర్వాత నిజంగా అవసరమైనచోట మాత్రం మళ్లీ పెట్టండి, ఇంటిపేరు పొడి అక్షరానికీ పేరుకీ మధ్య, అంకెకీ దాని కొలతకీ మధ్య. 'సి.' వరుస చివర మిగిలిపోయి 'నారాయణరెడ్డి' కింద మొదలవకూడదు కదా. ఇన్‌డిజైన్‌లో ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. వరుసతోపాటు సాగేదాన్నే వాడండి, కదలకుండా ఉండేదాన్ని వాడితే ఆ ఒక్కచోట ఖాళీ సన్నగా మిగిలి మళ్లీ హెచ్చుతగ్గులు వస్తాయి.

కామా తర్వాత స్పేస్ ఇవ్వకుండా టైపు చేసే అలవాటు కూడా ఇక్కడే చెప్పాలి. 'రాముడు,సీత,లక్ష్మణుడు' అని రాస్తే సాఫ్ట్‌వేర్‌కి అది ఒకటే మాట. మూడు చుక్కలకి రెండు పక్కలా మాటలు అంటించి రాసినా దాదాపు అంతే. సంభాషణలు ఎక్కువగా ఉన్న కథల్లో ఈ చుక్కల బాధ చెప్పనలవి కాదు. డబుల్ స్పేసులు సరే, అవి అందరికీ తెలిసినవే, వెతికి ఒకటి చేస్తే పోతాయి.

ఇవన్నీ అయ్యాకే అంకెల జోలికి వెళ్లాలి. ఇన్‌డిజైన్‌లో మాటల మధ్య దూరానికి మొదట ఉండే అంకెలు 80, 100, 133. అంటే ఫాంటులో ఉన్న స్పేస్ కొలతలో 80 శాతం దాకా తగ్గొచ్చు, 133 దాకా పెరగొచ్చు. ఇవి ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకున్నవి. తెలుగు ఫాంట్లలో స్పేస్ వెడల్పు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి అందరికీ పనికొచ్చే అంకె చెప్పలేం. స్పేస్ వెడల్పుగా ఉన్న ఫాంటు అయితే నేను కనిష్ఠాన్ని 70 దాకా దించుతాను. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండి, మాట చివర అంచు స్పష్టంగానే తెలుస్తుంది, కాస్త దగ్గరపడినా చదవడానికి అడ్డు రాదు. అక్షరాల మధ్య దూరం మూడుచోట్లా సున్నా ఉంచేయండి. గ్లిఫ్ స్కేలింగ్ అని ఇంకోటి ఉంది, అక్షరాన్నే అడ్డంగా రవ్వంత కుదించడం, సాగదీయడం. 98, 100, 102 ఇస్తే ఎవరూ కనిపెట్టలేరు, వరుసకి చెప్పుకోదగ్గ చోటు దొరుకుతుంది. 95 కి వెళ్తే మాత్రం సున్నాలు కోలగా అవుతాయి. స్వచ్ఛవాదులు దీన్ని ఒప్పుకోరు. పళ్లూడిన వరుసా, రెండు శాతం సన్నబడిన అక్షరమా అంటే నేను రెండోదే తీసుకుంటాను.

గరిష్ఠం 133 అని పెట్టినా వరుసలు అంతకన్నా ఎక్కువ సాగుతుంటాయి. జస్టిఫై చేయమన్నాం కాబట్టి, వేరే దారి లేకపోతే ఇన్‌డిజైన్ ఆ హద్దు దాటేస్తుంది. దాటినచోట్లని పసుపు రంగులో చూపించమని ప్రిఫరెన్సెస్‌లో కంపోజిషన్ దగ్గర అడగొచ్చు. రంగు ముదిరినకొద్దీ వరుస అంత అధ్వాన్నం అన్నమాట. సెట్టింగులు మార్చే ముందు ఒక అధ్యాయాన్ని ఇలా చూసి, మార్చాక మళ్లీ చూడండి.

వర్డ్‌లోనే పుస్తకం చేస్తున్నవాళ్లకి పేరా మొత్తాన్ని చూసే సదుపాయం లేదు. అక్కడ చేయగలిగింది చెడ్డ వరుసల్ని కంటితో పట్టుకుని దాక్కునే హైఫన్ పెట్టుకుంటూ పోవడమే. వర్డ్‌లాంటిదే అయిన లిబ్రెఆఫీస్‌లో తెలుగు డిక్షనరీతోపాటు హైఫనేషన్ నమూనాలు కూడా వస్తాయి, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఫ్లో దగ్గర ఆన్ చేసుకోవచ్చు. మ్యాటర్ భాష తెలుగని చెప్పి ఉండాలన్న షరతు అక్కడా ఉంది.

రచయితలు, సంపాదకులు చేయాల్సింది ఒకటుంది, అది డీటీపీకి వెళ్లకముందే జరగాలి. 'చేయవలసివచ్చింది' అనా, 'చేయవలసి వచ్చింది' అనా? తెలుగులో ఇలాంటివి కలిపీ రాస్తారు, విడదీసీ రాస్తారు. విడదీసి రాసే పుస్తకంలో వరుసకి ఖాళీలు ఎక్కువ దొరుకుతాయి, పేజీ సహజంగానే నునుపుగా వస్తుంది. ఏ పద్ధతైనా పుస్తకమంతా ఒకేలా పాటించాలి. వరుస కుదరలేదని ఆ ఒక్కచోట విడదీయడం మాత్రం తప్పు. పాఠకుడు పట్టుకోకపోయినా ప్రూఫ్ రీడర్ పట్టుకుంటాడు, మళ్లీ కలుపుతాడు, వరుస మళ్లీ పాడవుతుంది.

అసలు జస్టిఫై చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. కవిత్వం సంగతి చెప్పక్కర్లేదు. ఫొటో పక్కన రెండంగుళాల వెడల్పులో దిగే మ్యాటర్, పట్టికల్లో గడులు, ఫొటో కింద రాతలు, వెబ్ చిరునామాలతో నిండిన ఫుట్‌నోట్లు, వీటికి ఎడమ అంచు ఒక్కటి సమానంగా ఉంటే చాలు. వరుసకి మూడు మాటలు పట్టేచోట ఎంత తెలివైన సాఫ్ట్‌వేరైనా ఏం చేస్తుంది పాపం. ఈ-బుక్ కూడా అంతే. పాఠకుడు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటే వరుసకి రెండు మాటలే మిగులుతాయి. అక్కడ జస్టిఫై తీసేయడమే మర్యాద.

చివరి సవరణలకి వచ్చేసరికి ఒక క్రమం పాటిస్తే పని రెండోసారి చేయాల్సిన బాధ తప్పుతుంది. రచయిత ప్రూఫులన్నీ పూర్తయ్యేదాకా ఒక్కో వరుసని ముట్టుకోవద్దు. అయ్యాక అధ్యాయం మొదటి పేజీ నుంచి కిందికే రావాలి, ఎందుకంటే పై పేరాలో ఒక వరుస తగ్గితే కింద పేజీలన్నీ జరుగుతాయి. చెడ్డ వరుస కనిపిస్తే దాన్నొక్కదాన్నే బిగించకుండా, పేరా మొత్తానికి ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) మైనస్ ఐదో పదో ఇచ్చి చూడండి. తేడా కంటికి తెలియదు, చాలాసార్లు ఒక మాట పైకి ఎక్కి వరుస సర్దుకుంటుంది. దానికీ లొంగకపోతే రచయితకి ఫోన్ చేసి ఆ వాక్యంలో ఒక మాట మార్చమని అడగడమే. 'కానీ' బదులు 'అయితే' వేస్తే పోయే గ్యాప్ కోసం గంటసేపు అంకెలతో కుస్తీ పట్టేవాళ్లున్నారు. అడిగితే చాలామంది రచయితలు సంతోషంగానే మారుస్తారు.